మా అత్త అల్లిన సైకిల్

చైనావాళ్ళు మా కొండలను తూకం వేసి కొనుక్కుంటున్న రోజులవి. బళ్ళారి పక్క మా కూరెకుప్పలో నిన్నటిదాకా ఎద్దులబండి తోలినవాడు కొత్త కారు దిగి, దాన్ని ఎక్కడ నిలపాలో తెలియక మళ్ళీ ఎక్కేవాడు. వీధిలో మనుషుల కంటే చక్రాలు ఎక్కువ. అలాంటి వీధిలో సీటుకు తెల్లని లేసు టోపీ, వెనక చక్రానికి లేసు పరికిణీ, బెల్లుకు కుచ్చులు, హ్యాండిల్ పిడులకు మేజోళ్ళు తొడుక్కుని ఒక సైకిల్ ఊరేగింపులా కదిలేది. దాన్ని చూడటానికి టిప్పర్లు ఆగేవి. కుక్కలు మొరగడం మాని ఆలోచనలో పడేవి. దాని మీద కూర్చున్న లావుపాటి మనిషిని నేనే.

కారు లేక కాదు. అందరిలాగే మేమూ జొన్నచేలు కౌలుకిచ్చేసి ట్రాన్స్‌పోర్టులోకి దిగాం. గనుల నుంచి ఇనుప ఖనిజం నింపుకుని తారానగర్ రోడ్డు మీదుగా, రైలు వ్యాగన్లు నింపే సైడింగ్‌కు పోయే టిప్పర్లలో కొన్ని మావి. ఆ సంపాదనంతా నేరుగా నా పొట్టలోకే చేరినట్టుంది, అది గుమ్మం దాటిన కాసేపటికి నేను దాటేవాణ్ణి. బళ్ళారి డాక్టరు నా పరీక్ష కాగితం చూసి, “ఇది రక్తమా, బెల్లం పాకమా?” అన్నాడు. నిజానికి “షుగర్ ఎక్కువుంది, సైకిల్ తొక్కండి” అని మాత్రమే అన్నాడు. పాకం నేను కలిపాను. నాకది చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. షుగర్‌కు మందుంది గానీ దీనికి లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అత్త, అంటే నా భార్య తల్లి, మా ఇంటికి వచ్చింది. ఆమెది సిరుగుప్ప దగ్గర ఒక క్యాంపు. కాలువ నీళ్ళొచ్చిన కొత్తలో గోదావరి పక్క నుంచి వచ్చి వరి వేసుకున్నవాళ్ళ ఊళ్ళను మా వైపు క్యాంపులనే అంటారు. నా భార్యకు పిత్తాశయంలో రాళ్ళు తీశారని, కూతురికి చేదోడుగా ఉందామని వచ్చింది. ఆ రాళ్ళ గురించి మాత్రం నేను పెంచి చెప్పలేదు. మా ఊళ్ళో ఏ రాయి బయటపడ్డా దానికి గిరాకీ ఉంటుంది, డాక్టర్ దగ్గర అడిగి తీసుకోమని మాత్రం అన్నాను.

నా భార్య కోలుకుంది. కోలుకున్న మర్నాడే మా అత్త చేతిసంచీ సర్దుకుంది.

ఆమె వాళ్ళలో అదొక పట్టింపు. కూతురింట్లో పని ఉంటే ఎన్నాళ్ళయినా ఉండొచ్చు. పని లేకుండా మాత్రం ఒక ముద్ద తినకూడదు. అల్లుడి కూడు ఊరికే తిన్నదన్న మాట వస్తే ఆమె దృష్టిలో అంతకంటే తలవంపు లేదు. కానీ తిరిగి వెళ్తే క్యాంపులో ఆమెతో మాట్లాడే మనిషి లేడు. కొడుకు పొద్దస్తమానం రైస్‌మిల్లులోనే ఉంటాడు. కోడలు పిల్లల చదువులని బళ్ళారిలో కాపురం పెట్టింది. నా భార్య వంటింట్లో నా చొక్కా పట్టుకుంది.

“ఎలాగోలా మా అమ్మని ఉంచండి. మీకు మాటలొచ్చు కదా. ఎప్పుడూ పనికిరానిచోట వాడతారు, ఒక్కసారి పనికొచ్చేచోట వాడండి.”

నేను వసారాలోకి వెళ్ళాను. మా అత్త సంచీ పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

“ఏందత్తా, అప్పుడే యాడికి పోతాండావు?”

“అమ్మాయి లేచి తిరుగుతోంది కదండీ అల్లుడుగారూ. ఇంకా ఇక్కడ కూర్చుని తింటే నాకు ముద్ద దిగదండీ.”

ఆమె నన్ను ‘మీరు’ అంటుంది, నేను ఆమెను ‘నువ్వు’ అంటాను. మా వైపు పద్ధతి అది, వాళ్ళ వైపు పద్ధతి ఇది. పెళ్ళయిన కొత్తలో క్యాంపు మొత్తం నన్ను మొరటువాడనుకుంది. తర్వాత వాళ్ళకి ఆ విషయంలో అనుమానమే లేకుండా పోయింది.

అప్పుడు నా కళ్ళు వసారాలో నిలబెట్టిన సైకిల్ మీద పడ్డాయి. పక్కనే ఆమె సంచీలోంచి తొంగిచూస్తున్న తెల్ల నూలు ఉండ, కొన వంగిన క్రోషా సూది కూడా కనిపించాయి. చిన్నప్పుడు గోదావరి పక్క పల్లెలో వాళ్ళమ్మ దగ్గర లేసు అల్లడం నేర్చుకుందట. ఎక్కడికి వెళ్ళినా ఆ సూది వెంట ఉండేది.

“నువ్వు పోతే పో అత్తా. నా సీటు సంగతి చూసి పో. ఆ సీటు సీటు గాదు, పాత ఇనుప గని. కూర్చుంటే నడుము దాకా నొప్పి. డాక్టరు చెప్పినాడని తొక్కుతాండా గానీ, నాకు సావొస్తే సైకిల్ మీదే వస్తాది.”

ఆమె లేచి సీటును చేత్తో తడిమి చూసింది. నా మాటల్లో సగం నా భార్య లెక్కలోకి తీసుకోదు. డ్రైవర్లు అసలు తీసుకోరు. మా అత్త మాత్రం ప్రతి అక్షరం నమ్మేది. సంచీలోంచి దారం ఉండ బయటికి తీసింది.

సీటు టోపీ అయిపోయింది. మధ్యలో సాలెగూడు పువ్వు, చుట్టూ అనాసపండ్ల వరస. నేను దాని మీద కూర్చుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చి, మైసూరు సింహాసనం కూడా ఇంత మెత్తగా ఉండదన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మా ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే సంచీ వైపు చూసింది. నేను వెంటనే హ్యాండిల్ పట్టుకున్నాను.

“అత్తా, సీటు బాగైంది గానీ, హ్యాండిల్ పట్టుకుంటే అరచేతులు కాలిపోతాండాయి.”

అలా పిడులకు మేజోళ్ళు వచ్చాయి. తర్వాత క్యారియర్ మీద నా టిఫిన్ గిన్నెకు పరుపు లేదన్నాను. పంచె చువ్వల్లో ఇరుక్కుంటోందంటే వెనక చక్రానికి రెండు వైపులా వల అల్లింది. ఆ రోజుల్లో నేను ప్యాంటే వేసేవాణ్ణి. పాపం, ఆమె వల పూర్తిచేసే లోపల పంచె కట్టడం మొదలుపెట్టాల్సొచ్చింది. బెల్లు మోత గరుకుగా ఉందని దానికి కుచ్చుల టోపీ వేయించాను. దాంతో మోతే పోయింది. మోత లేని బెల్లే నాకు కావాల్సిందన్నాను. మడ్‌గార్డుకు అంచు కట్టింది, గాలిపంపుకు గలేబు తొడిగింది. చివరికి సైకిల్‌లో ఇనుము కనిపించే చోటు వెతకాలంటే దీపం కావాలి.

టిప్పర్లు నిలిపే మా ఆవరణలోకి ఆ సైకిల్ మీద మొదటిసారి అడుగుపెట్టినప్పుడు డ్రైవర్లు టైర్ల మీద నుంచి లేచి నిలబడ్డారు. అందరిలోకి పెద్దవాడైన మా డ్రైవరు చుట్టూ తిరిగి చూశాడు.

“ఏం ధణీ, సైకిల్‌కు మదువేనా? పెండ్లికూతురు మాదిరి ఉండాది.”

“ఔనప్పా. నీ టిప్పర్‌నే అడుగుదామనుకుంటాండా. కట్నమేం లేదు.”

“మా టిప్పర్ నల్లగుండాది ధణీ, ఒప్పుకుంటాదో లేదో!”

వాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. నాకు సిగ్గేమీ లేదు. ఇంత పొట్ట మోసేవాడికి లేసు ఒక బరువా?

నన్ను తినేసింది వేరే సంగతి.

మా ఊళ్ళో తెలుపనేది పొద్దున్నే ఉంటుంది, సాయంత్రానికి ఉండదు. ఖనిజం దుమ్ము పెరుగన్నాన్ని గులాబీ రంగు చేసేది. తెల్ల ఆవును కొని తెచ్చినవాడు మర్నాడు దాన్ని గుర్తుపట్టలేక ఊరంతా తిరిగాడు. పోనీ, వీధి మాత్రం తిరిగాడు. అలాంటి ఊళ్ళో ఆపాదమస్తకం తెల్ల లేసు కట్టిన సైకిల్‌తో నేను పొద్దున బయల్దేరి, సాయంత్రం ఎర్ర సైకిల్‌తో ఇంటికి వచ్చేవాణ్ణి. మా అత్త గుమ్మంలో కాచుకుని ఉండేది. ముడులన్నీ విప్పి, దొడ్లో బకెట్టులో నానేసేది. ఇనుము మరక సబ్బుకు లొంగదు. నిమ్మరసం, ఉప్పు పట్టించి, ఒక్కొక్క పువ్వును బొటనవేలితో రుద్దాలి. తర్వాత నీలిమందు, ఆపైన పలచని గంజి. రోజూ ఇదే.

ఒక సాయంత్రం నీళ్ళు తాగుదామని దొడ్లోకి వెళ్ళాను. ఆమె నిమ్మరసంలో వేళ్ళు ముంచి, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుని ఉంది. వేళ్ళ సందుల్లో పగుళ్ళు. కుడిచేతి బొటనవేలు కణుపు దగ్గర వాచి, అల్లం కొమ్ములా ఉంది. అది ఇక వంగడం లేదని చూడగానే తెలిసింది. ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసి, చేతిని చప్పున కొంగులోకి లాక్కుంది.

“అన్నం పెట్టమంటారా అండీ?”

అన్నీ పెంచి చెప్పే నాకు ఆ బొటనవేలిని పెంచి చెప్పడానికి మాట దొరకలేదు. సైకిల్‌కు సగం లేసు నా అబద్ధాల వల్ల వచ్చింది. దాని మీది దుమ్ము నా బండ్ల వల్ల వచ్చింది. ఆ రెండింటినీ కలిపి ఉతుకుతున్నది ఆవిడ. ఆ పూట అన్నంలోకి నిమ్మకాయ ఊరగాయ వేస్తే ముట్టుకోలేదు. షుగర్‌కు మంచిది కాదన్నాను.

ఇక లేసు వద్దందామా? పని లేని మర్నాడే సంచీ సర్దుకుంటుంది. పోనీ, ఉతకొద్దందామా? ఎర్రబడిన తన పనితనాన్ని ఆమె ఒక్క పూట కూడా చూసి ఓర్చుకోలేదు. బాగా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. అంత గొప్ప ఉపాయం మా వంశంలో ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడమే వాళ్ళ అదృష్టం.

మా ఇంటి సందు దాటి దుమ్ము రోడ్డెక్కే మలుపులో ఒక టీ అంగడి ఉంది. పొద్దున అక్కడ ఆగి, లేసంతా ఊడదీసి, ప్లాస్టిక్ కవరులో కట్టి సంచీలో పెట్టుకున్నాను. సాయంత్రం అక్కడే మళ్ళీ కట్టి ఇంటికి వచ్చాను. టీ అంగడి ఆయన గ్లాసు కడగడం ఆపి చూశాడు.

“సైకిల్‌కు బట్టలిప్పేది ఈ వయసులో ఇప్పుడే చూస్తాండాను. ఏంది ధణీ ఇది, దేవుని అలంకారమా?”

“మాటలాపి సుమ్నె టీ పొయ్యప్పా.”

ఇంటి దగ్గర మా అత్త బకెట్టు, నిమ్మకాయలు సిద్ధం చేసుకుని ఉంది. సైకిల్ చుట్టూ తిరిగింది. చక్రం వల మీద వేలితో రాసి వేలు చూసుకుంది.

“ఇవాళ దుమ్ము లేదా అండీ?”

“దుమ్మా? ఆ మాటే లేదత్తా! రోడ్డుకు నీళ్ళు కొట్టినారు. అద్దం మాదిరి ఉండాది, ముఖం చూసుకుంటా వచ్చినా.”

ఆమె నా చొక్కా కాలరు వైపు చూసింది, తర్వాత నా చెవుల వైపు. నిమ్మకాయలు కొంగులో వేసుకుని లోపలికి వెళ్ళింది. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆ రాత్రి మామూలు కంటే ఒక చపాతీ ఎక్కువ తిన్నాను.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నేను సంతోషంగా ఉన్నాను, ఆమె వేలికి విశ్రాంతి దొరికిందనుకున్నాను. కానీ ఆమె అన్నం తగ్గించింది. నేను వసారాలోకి వస్తే లేచి లోపలికి పోయేది. గాలిపంపుకు రెండో గలేబు కావాలని అడిగితే, “ఉన్నది చాలు కదండీ” అంది.

ఒక పొద్దున ఆవరణలో టిప్పర్ కింద దూరి నేనేదో తనిఖీ చేస్తున్నట్టు నటిస్తుంటే నా భార్య ఫోన్ చేసింది.

“మా అమ్మతో ఏమన్నారు మీరు?”

“నేనేమంటాను? పువ్వుల్లో పెట్టి చూసుకుంటాంటే!”

“సంచీ పట్టుకుని బస్టాపులో కూర్చుంది. బళ్ళారి వెళ్ళి, అక్కణ్ణించి సిరుగుప్ప బస్సెక్కుతానంటోంది. నేను బతిమాలినా లేవట్లేదు. ‘అల్లుడుగారికి నా లేసుతో తిరగడం నామోషీగా ఉందే అమ్మాయ్, బయట ఊడదీసేసి, నా మొహం చూసి ఇంటి దగ్గర కట్టుకొస్తున్నారు’ అంటోంది. ఒంటి మీద గుడ్డలన్నీ ఎర్రగా వస్తే లేసొక్కటే తెల్లగా ఎలా వస్తుందండీ? ఆ మాత్రం తెలియదా మీకు?”

నిజమే. మా ఊళ్ళో పనికి పోయిన వస్తువేదీ తెల్లగా తిరిగి రాదు. ఆ సంగతి ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన నాకంటే వరిపొలాల మధ్య నుంచి వచ్చిన ఆమెకే బాగా తెలిసింది.

సైకిల్ దగ్గరకు పరిగెత్తాను. నేను పరిగెత్తడం చూసి, ఎక్కడో బ్లాస్టింగ్ జరిగిందనుకుని డ్రైవర్లూ పరిగెత్తుకొచ్చారు. ఉత్త సైకిల్ మీద ఆమె ముందుకు పోయే మొహం నాకు లేదు. కవరు విప్పి లేసు బయట పారబోశాను.

“కట్టండప్పా, బేగ కట్టండి!”

ఇంత లావు స్టీరింగులు తిప్పే చేతులు లేసు కుచ్చులు ముడి వేస్తుంటే చూడాలి. పెద్ద డ్రైవరు పళ్ళతో దారం బిగించి, “మా పెండ్లాం జడ గూడా ఎప్పుడూ కట్టలేదు ధణీ” అన్నాడు. ఒకడు గాలిపంపు గలేబును బెల్లుకు తొడిగాడు. సరిదిద్దే వ్యవధి లేదు, బయల్దేరాను.

రోడ్డు మీద ముందంతా టిప్పర్లు. నా ముందున్నది మాదే. దాని వెనక తలుపు మీద మా ఇంటిపేరు కనిపించినంతసేపు కనిపించి, తర్వాత దుమ్ములో మునిగిపోయింది. నోరు మూసుకున్నా పళ్ళ మధ్య ఖనిజం కరకరమంది. మా డాక్టరు చూసి ఉంటే రక్తహీనత ఈ జన్మలో రాదని రాసిచ్చేవాడు. పంచె, లేసు, మీసం, కనురెప్పలు అన్నీ ఒకే రంగయ్యాయి. బస్టాపు చేరేసరికి అక్కడున్న ఒక ముసలాయన నన్ను చూసి చెప్పులు విడిచాడు. ఆంజనేయస్వామి అనుకున్నాడని నేనంటాను. చెప్పులో రాయి పడిందని నా భార్య అంటుంది.

మా అత్త బల్ల మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ముందు నన్ను చూసింది, ఎవరో అనుకుని చూపు తిప్పుకుంది. తర్వాత సైకిల్‌ను చూసి లేచింది.

“అయ్యో, అయ్యో! ఏంటండీ ఇది?”

“అత్తా, నాకు నామోషీ ఏం లేదు. నామోషీ ఉంటే ఈ పొట్టనే ఇంట్లో పెట్టి వచ్చుండేవాణ్ణి. నీ బొటనవేలు చూసినా. అందుకే ఇప్పి పెట్టుకున్యా.”

ఆమె ముఖం బిగుసుకుంది.

“వేలు నాదండీ. ఉతికేది నేను. మీకేమిటి?”

“దుమ్ము నాది గదత్తా.”

నా వెనక ఒక టిప్పర్ పోయింది, ఇంకొకటి పోయింది. రెండూ మావి కావు. ఆ కాస్తయినా దేవుడు కనికరించాడు. అప్పుడే బళ్ళారి బస్సు వచ్చి ఆగింది. తల్లి చేయిని నా భార్య పట్టుకుంది. మా అత్త చేయి విడిపించుకుని సంచీ భుజానికి తగిలించుకుంది.

ఆమె బస్సు వైపు ఒక అడుగు వేసి, సైకిల్ పక్కన ఆగింది. మడ్‌గార్డు అంచును రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. పక్కనే బెల్లు మీద వేలాడుతున్న గాలిపంపు గలేబును చూసింది.

“ఇదెవరు కట్టారండీ? ఎక్కడిది ఎక్కడ తగిలించారు?” అని విప్పడం మొదలుపెట్టింది. “లోపలికంటా పట్టేసింది. ఇంకాసేపాగితే ఈ మరక జన్మలో వదలదు.”

వస్తారా రారా అని కండక్టరు మెట్టు మీద నుంచి కన్నడంలో కేక వేశాడు. “అజ్జీ, బర్తీరా ఇల్వా?”

“నువ్వెళ్ళు బాబూ. మా ఇంట్లో నానెయ్యాల్సింది ఉంది.”

ఇంటిదాకా నేను సైకిల్ నడిపిస్తుంటే, ఆమె పక్కన నడుస్తూ దారి పొడుగునా నా ముడులను తిట్టింది. డ్రైవర్లు కట్టారని నేను చెప్పలేదు. ఆ తిట్లలో నాకు రావాల్సిన వాటా చాలా ఉంది, అందుకే మొత్తం తీసుకున్నాను.

ఆ సాయంత్రం దొడ్లో ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. అల్లుడు బకెట్టు దగ్గర కూర్చోవడమా అని ఆమె చాలాసేపు గొడవపడింది. ఉతుకుతున్నప్పుడు నేను ముట్టుకోనని, నిమ్మకాయలు మాత్రం పిండిపెడతానని ఒప్పందం కుదిరింది. పిండటానికే కదా ఆమె బొటనవేలు వంగనిది. లేసును మెలిపెట్టి పిండకూడదట, తువ్వాలులో చుట్టి బరువు పెట్టి ఒత్తాలట. ఆమె బరువైన రాయి కోసం చుట్టూ చూసింది. నా భార్య నా వైపు చూసింది. తువ్వాలు మీద చెక్క పెట్టి, దాని మీద నన్ను కూర్చోబెట్టారు. డాక్టరు పది నెలలుగా తిడుతున్న బరువుకు ఒక ఉపయోగం దొరికింది. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

అప్పటి నుంచి రోజూ అదే వరస. నేను ఎర్రగా వచ్చేవాణ్ణి. ఆమె నానేసేది, నేను నిమ్మకాయలు పిండేవాణ్ణి. నా వేళ్ళకూ పగుళ్ళొచ్చాయి. ఆ మంట తెలిశాక, ఆమె ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని కూర్చున్న సాయంత్రాలు ఒక్కొక్కటే గుర్తొచ్చేవి. ఆమె బొటనవేలు మాత్రం మళ్ళీ వంగలేదు. బళ్ళారి తీసుకెళ్ళి చూపించాను. పని తగ్గించమన్నారు. ఆ మాట ఆమె డాక్టర్ ముందు తలూపి విని, గేటు దాటగానే మరిచిపోయింది. ముందు చక్రానికి కూడా వల ఉంటే బాగుంటుందని దారిలో తనే అంది. నేను వద్దనలేదు, కావాలనీ అనలేదు. నా జీవితంలో ఒక విషయం గురించి ఏమీ కలపకుండా ఊరుకున్నది అప్పుడే.

ఒక సాయంత్రం లేసంతా తీగ మీద ఆరేసి ఉంది. ఆ తెలుపుకు దొడ్డంతా వెలుగొచ్చింది. మా అత్త తడి చేతులు కొంగుకు తుడుచుకుంటుంటే వీధిలో ఒక టిప్పర్ హారన్ మోగింది. గోడ మీదుగా ఎర్రటి దుమ్ము నెమ్మదిగా లేచి, తీగ వైపు రావడం మొదలుపెట్టింది.

“మన బండేనా?” అంది ఆమె.

ఆ హారన్ మాదే. నేనే కొనుక్కొచ్చి బిగించాను. పక్క తాలూకా దాకా వినిపిస్తుందని డ్రైవర్ల ముందు గొప్పలు కూడా పోయాను. తలూపాను.

“సరే, కూర్చుని చూస్తావేంటి? మరో నాలుగు నిమ్మకాయలు కోసుకురా,” అని, నేను అల్లుణ్ణన్న సంగతి మరిచి, ఆమె తీగ మీది లేసును గబగబా కొంగులోకి లాక్కుంది.